మోనాడ్ దగ్గర ఆగిపోకు, మన ఊరి కొలతలతో మొదలుపెట్టు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. కావలిలో ఉంటున్నావు, బీటెక్ అయింది, పైథాన్ బాగానే వచ్చు, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ (ప్రోగ్రామంతా ఫంక్షన్లతో కట్టే పద్ధతి) నేర్చుకుందామని హాస్కెల్ భాష మొదలుపెట్టి మోనాడ్ (ఒక మెట్టు ఫలితాన్ని తర్వాత మెట్టుకి అందించే పద్ధతి) దగ్గర ఆగిపోయావు. లైబ్రరీలు (వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసే స్థాయికి ఎలా చేరాలి, చుట్టుపక్కల ఈ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, బెంగళూరు పోతేనే కుదురుతుందా అని అడిగావు. నేను నెల్లూరులోనే ఉండి నేర్చుకున్నాను, ఇప్పటికీ ఇక్కడి నుంచే పనిచేస్తున్నాను, అందుకని నాకు తెలిసింది చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మోనాడ్ టెన్షన్ వదిలేయ్. హాస్కెల్ భాష ఎలా ఉండాలో చెప్పే మొదటి రిపోర్టు 1990లో వచ్చింది, అందులో మోనాడ్‌లు లేవు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కోసం వేరే పద్ధతులు ఉండేవి, వాటితో పని నడిచింది కానీ రాయడం కష్టంగా ఉండేది. యూజెనియో మోగీ 1980ల చివర్లో ప్రోగ్రాముల అర్థాన్ని గణితంలో వివరించడానికి వాడిన ఆలోచనను ఫిలిప్ వాడ్లర్ ప్రోగ్రాములు రాసే పద్ధతిగా మలిచాడు, అది భాష రిపోర్టులోకి 1996లో 1.3 వెర్షన్‌తో వచ్చింది. అంటే ఆ భాషను తయారుచేసినవాళ్లే అవసరం ఎదురయ్యాక దాని దగ్గరికి వెళ్లారు. నువ్వు అవసరం రాకముందే దాన్ని అర్థం చేసుకోవాలని కూర్చున్నావు కాబట్టి అర్థం కావడం లేదు, నీ తెలివిలో లోటేమీ లేదు. ఇంకో మోనాడ్ ట్యుటోరియల్ చదవకు. చిన్న లైబ్రరీ ఒకటి మొదలుపెట్టు, అదీ నీకు బాగా తెలిసిన విషయం మీద.

ఈ చివరి మాటే అసలైంది. చాలామంది టు-డూ లిస్టో, కాలిక్యులేటరో రాస్తారు. వాటిలో టైపులు (ఒక విలువ ఏ రకందో చెప్పే గుర్తులు) చేసే మేలు కనపడదు, ఎందుకంటే తప్పు లెక్క వచ్చినా ఎవరికీ నష్టం లేదు. నేను ఎంచుకున్నది భూమి కొలతలు. మా బాబాయి కోవూరులో డాక్యుమెంట్ రైటర్, ఆయన బల్ల దగ్గర కూర్చుంటే ఎకరాలు, సెంట్లు, అంకణాలు, గజాలు, హెక్టార్లు అన్నీ ఒకే పూటలో వస్తాయి. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. ఎకరా 4,840 గజాలు కాబట్టి మనకు ఎకరాకు 605 అంకణాలు, సెంటుకు 6.05 అంకణాలు. ఇదంతా నీకు చిన్నప్పటి నుంచి చెవిన పడే లెక్కే.

పైథాన్‌లో అయితే ఇవన్నీ ఉత్త నంబర్లు. సెంట్లను అంకణాలతో కలిపినా ఏమీ అనదు, ఏదో ఒక సమాధానం ఇచ్చేస్తుంది. హాస్కెల్‌లో ఒక్కో కొలతకు ఒక్కో న్యూటైప్ (ఉన్న టైప్‌ని కొత్త పేరుతో వేరే టైప్‌గా చేయడం) రాస్తే చాలు, సెంటును అంకణంతో కలపబోతే కంపైలర్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చేది) అక్కడే ఆపేస్తుంది, ప్రోగ్రాము నడిచేటప్పుడు దీనికోసం అదనపు ఖర్చు కూడా ఉండదు. ఈ ఒక్క పని చేసి చూశాక టైప్ అంటే ఎందుకో నాకు మనసుకు ఎక్కింది, అంతకుముందు చదివిన పాఠాలతో ఎక్కలేదు.

తర్వాత నంబర్ల సంగతి. సెంటుకు 435.6 చదరపు అడుగులు. దీన్ని దశాంశాలకు వాడే మామూలు టైప్ డబుల్‌లో పెడితే బైనరీలో సరిగ్గా కూర్చోదు, అటూ ఇటూ మార్చేకొద్దీ చివరి అంకెలు జరుగుతాయి. హాస్కెల్‌లో రేషనల్ అని భిన్నాల టైప్ భాషతోనే వస్తుంది, అందులో 435.6 అంటే 2178 బై 5, అంతే, ఒక్క చుక్క తేడా రాదు. చూపించేటప్పుడు మాత్రమే దశాంశాల్లోకి మార్చు, లోపల లెక్కంతా భిన్నాల్లోనే జరగనీ.

ఇక్కడ ఒక పని చేశాను, అది నీకూ చెప్తున్నాను: కోడ్ పూర్తయ్యేదాకా ఆగకుండా, ఫంక్షన్ల పేర్లూ వాటి టైప్ సిగ్నేచర్లూ (ఏ టైప్ తీసుకుని ఏ టైప్ ఇస్తుందో చెప్పే లైన్లు) మాత్రమే రాసి, హాస్కెల్ రాసేవాళ్లు చర్చించుకునే చోట పెట్టి సలహా అడిగాను. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లలో ఇదొక గొప్ప సౌకర్యం. టైపులు చూస్తే లైబ్రరీ ఏం చేయబోతోందో సగం పైన తెలిసిపోతుంది కాబట్టి, బిజీగా ఉన్నవాళ్లు కూడా అయిదు నిమిషాలు చూసి మంచి మాట చెప్తారు. పదివేల లైన్ల కోడ్ ఇచ్చి చూడమంటే ఎవరు చూస్తారు?

రెండు జవాబులు నా లైబ్రరీ రూపాన్నే మార్చాయి. మొదటిది తిరుపతి అతనిది. "అన్నా, మా దగ్గర అంకణం 36 అడుగులే" అన్నాడు. అంటే అక్కడ ఎకరాకు 1,210 అంకణాలు. ఒకే పేరు, సరిగ్గా సగం కొలత. అంకణం అని ఒకే టైప్ పెడితే నెల్లూరు స్థలం, తిరుపతి స్థలం కలిపేసినా కంపైలర్ ఒప్పేసుకుంటుంది. దానికి అక్కడే ఒకామె దారి చెప్పింది, ఫాంటమ్ టైప్ అంటారు: అంకణం టైప్‌కి ఊరి పేరును ఒక పారామీటర్‌గా తగిలించడం. ఆ పారామీటర్‌కి విలువంటూ ఏమీ ఉండదు, కంపైలర్ చూసుకోవడానికి మాత్రమే ఉంటుంది. ఇప్పుడు నెల్లూరు అంకణం వేరు, తిరుపతి అంకణం వేరు, రెండూ కలపాలంటే ముందు గజాల్లోకో అడుగుల్లోకో మార్చాల్సిందే. ఫాంటమ్ టైప్ గురించి అంతకుముందు చదివాను, కానీ ఎక్కడ పనికొస్తుందో ఆ రోజే తెలిసింది.

రెండో జవాబు రాసినాయనకు మన కొలతలు అసలు తెలియవు, యూరప్‌లో ఎక్కడో ఉంటాడు. ఆయన అడిగిందల్లా ఒకటే, విస్తీర్ణాన్ని విస్తీర్ణంతో గుణిస్తే ఏమొస్తుంది అని. ఏమీ రాదు కదా, మూడు సెంట్లను నాలుగు సెంట్లతో గుణించడానికి అర్థమే లేదు. కానీ న్యూటైప్‌కి న్యూమ్ ఇన్‌స్టెన్స్ (నంబర్లలా కూడిక, గుణకారం చేయనిచ్చేది) ఒక్క లైనులో వచ్చేస్తుంది, కూడిక కోసం అందరూ అదే తగిలిస్తారు, దాంతోపాటు అక్కర్లేని గుణకారం కూడా లోపలికి వచ్చేస్తుంది. దాని బదులు మోనాయిడ్ ఇన్‌స్టెన్స్ ఇమ్మన్నాడు. మోనాయిడ్ అనే పేరు భయపెడుతుంది గానీ విషయం చిన్నది: రెండింటిని కలిపే పద్ధతి ఒకటి, కలిపినా ఏమీ మారని సున్నా ఒకటి, ఏ రెండింటిని ముందు కలిపినా మొత్తం ఒకటే రావాలి. నాలుగు సర్వే నంబర్ల విస్తీర్ణం కూడినట్టే. ఇంతకుమించి లేదు. భూమిని నంబరుతో గుణించే ఫంక్షన్ మాత్రం విడిగా ఇచ్చాను, ఎందుకంటే మూడు రెట్ల స్థలం అనేదానికి అర్థం ఉంది.

మోనాడ్ ఎప్పుడొచ్చిందో చెప్తాను. భూమి కాగితాల్లో విస్తీర్ణం "2-35" అని కూడా రాస్తారు, రెండెకరాల ముప్పై అయిదు సెంట్లు. దాన్ని చదివే పార్సర్ రాయాలి. ముందు ఎకరాలు చదవాలి, అది కుదిరితే గీత చూడాలి, అదీ కుదిరితే సెంట్లు చదవాలి, ఆ సెంట్లు వందలోపు ఉన్నాయా అని చూడాలి. ఎక్కడ ఫెయిలైతే అక్కడ ఆగి, ఎందుకు ఆగిందో చెప్పాలి. మొదట కేస్ (ఏది వస్తే ఏం చేయాలో విడదీసి రాసేది) లోపల కేస్, దాని లోపల ఇంకో కేస్ రాశాను, కోడ్ కుడివైపుకి పోతూనే ఉంది. అప్పుడు ఈథర్ టైప్‌కి (సరైన ఫలితమో, ఫెయిలైన కారణమో ఏదో ఒకటి పట్టుకునేది) ఉన్న బైండ్ (రెండు మెట్లను కలిపేది) వాడితే అదంతా నాలుగు లైన్లయింది. ఒక మెట్టు సరిగ్గా పడితేనే దాని ఫలితం తీసుకుని తర్వాత మెట్టుకి వెళ్లడం, ఈ పనికే మోనాడ్ అని పేరు. ఈథర్‌లో ఇది, లిస్టులో ఇంకోలా, ఐఓలో (ఇన్‌పుట్, అవుట్‌పుట్ టైప్) మరోలా ఉంటుంది, కానీ నియమాలు ఒకటే. నువ్వు కూడా ఇలా కోడ్ కుడివైపుకి పోయేదాకా రాయి, అప్పుడు చదివితే పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

ఫైలు నిండా ఉన్న విస్తీర్ణాలన్నీ చదవాలంటే ఈథర్‌ల లిస్టు వస్తుంది, నాకు కావాల్సింది లిస్టు ఉన్న ఒక్క ఈథర్. దీనికి ఫంక్షన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? హూగుల్ అని ఒక వెతుకులాట సైట్ ఉంది, నీల్ మిచెల్ తయారుచేశాడు, అందులో పేరు తెలియకపోయినా టైప్ రాసి వెతకొచ్చు. టైప్ రాశాను, సీక్వెన్స్ అని వచ్చింది, దాని పక్కనే ట్రావర్స్. పక్కన అడగడానికి మనిషి లేడన్నావే, నా విషయంలో ఆ లోటు చాలావరకు ఇదే తీర్చింది.

టెస్టుల గురించి ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ పద్ధతి ఫంక్షనల్ ప్రోగ్రామర్లు ప్రపంచానికి ఇచ్చిన మంచి కానుకల్లో ఒకటని నా నమ్మకం. కోన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో క్విక్‌చెక్ అనే లైబ్రరీ గురించి పేపర్ రాశారు. నువ్వు ఒక్కో ఉదాహరణ రాయక్కర్లేదు, ఎప్పుడూ నిజం కావాల్సిన మాట ఒకటి రాస్తే అదే ఇష్టమొచ్చిన విలువలు తయారుచేసి, మామూలుగా వంద సార్లు పరీక్షిస్తుంది, తప్పు దొరికితే దాన్ని కుదించి కుదించి అతి చిన్న ఉదాహరణ చూపిస్తుంది. నా మొదటి మాట ఏంటంటే, ఏ విస్తీర్ణాన్నయినా రాతలోకి మార్చి మళ్లీ చదివితే అదే విస్తీర్ణం రావాలి. వినడానికి చిన్న మాటే. కానీ "2-5" అంటే రెండెకరాల అయిదు సెంట్లు, "2.5" అంటే రెండున్నర ఎకరాలు, అంటే రెండెకరాల యాభై సెంట్లు. గీతకి, చుక్కకి మధ్య నలభై అయిదు సెంట్ల తేడా ఉంది, నెల్లూరు పక్కన నలభై అయిదు సెంట్లంటే ఎంత డబ్బో నీకు తెలుసు. రాసేటప్పుడు ఒకలా, చదివేటప్పుడు ఇంకోలా తీసుకుంటే ఆ ఒక్క టెస్టు పట్టేస్తుంది.

రెండో మాట పంపకాల మీద. ఎకరా స్థలం ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే తలా 33.33 సెంట్లు, అలా రాస్తే 0.01 సెంటు ఎటో పోతుంది. బాబాయి అయితే చివరి వాటాకి 33.34 వేస్తాడు. లైబ్రరీ కూడా అదే చేయాలి. టెస్టు ఏంటంటే, ఎంత భూమిని ఎంతమందికి పంచినా వాటాలన్నీ కూడితే మొదటి విస్తీర్ణమే రావాలి. సున్నా మందికి పంచమంటే ఏం చేయాలి అని క్విక్‌చెక్ వెంటనే అడుగుతుంది, అందుకే వాటాదారుల సంఖ్యకి కూడా ఒక టైప్ పెట్టాను, అందులో కనీసం ఒకటి ఉంటేనే విలువ తయారవుతుంది. కన్‌స్ట్రక్టర్‌ని (ఆ టైప్ విలువను నేరుగా తయారుచేసేదాన్ని) బయటికి ఎక్స్‌పోర్ట్ చేయకుండా, సరిచూసి ఇచ్చే ఫంక్షన్‌ని మాత్రమే ఇస్తే ఇది సాధ్యం. విస్తీర్ణం మైనస్‌లోకి పోకుండా కూడా ఇదే ఉపాయం.

పెద్ద ఫైళ్లలోని విస్తీర్ణాలు కూడేటప్పుడు ఫోల్డ్‌ఎల్ (లిస్టునంతా ఒక్క విలువగా కలిపే ఫంక్షన్) వాడకు, దాని పేరు చివర చిన్న గీత ఉన్న స్ట్రిక్ట్ రూపం వాడు. హాస్కెల్ లేజీ భాష, అంటే అవసరమయ్యేదాకా లెక్క చేయదు, కాబట్టి కూడికలన్నీ చేయకుండా పేర్చుకుంటూ పోయి మెమరీ తినే ప్రమాదం ఉంది. దీని గురించి ఇప్పటికి ఇంతే చాలు.

లైబ్రరీని హ్యాకేజ్‌లో (హాస్కెల్ లైబ్రరీలన్నీ ఉంచే సైట్) పెట్టే ముందు ఒక విషయం గుర్తుంచుకో. ఒకసారి విడుదల చేసిన వెర్షన్ కోడ్‌ని మళ్లీ మార్చలేవు, తప్పుంటే కొత్త వెర్షన్ పెట్టాల్సిందే. అందుకని ముందు క్యాండిడేట్‌గా, అంటే విడుదలకు ముందు చూసుకునే కాపీగా, ఎక్కించే సౌకర్యం ఇచ్చారు, అది వాడు. డాక్యుమెంటేషన్ హ్యాడాక్‌లో (కోడ్‌లోని కామెంట్ల నుంచి పేజీలు తయారుచేసే టూల్) రాయి, ప్రతి ఫంక్షన్ కింద ఒక ఉదాహరణ పెట్టు, అంకణం అంటే ఏంటో తెలియనివాడికి కూడా అర్థమయ్యేలా. వెర్షన్ నంబర్లలో మొదటి రెండు అంకెలూ కలిపి పెద్ద మార్పుకి గుర్తు, ఉన్న ఫంక్షన్ తీసేసినా, దాని టైప్ మార్చినా అవి పెంచాలి. ఎల్మ్ భాషలో అయితే పాత టైపులూ కొత్త టైపులూ పోల్చి ప్యాకేజీ టూలే ఏ అంకె పెంచాలో తేలుస్తుంది, హాస్కెల్‌లో ఆ బాధ్యత నీదే. డిపెండెన్సీలు (నీ లైబ్రరీకి కావాల్సిన వేరే లైబ్రరీలు) తక్కువ పెట్టుకో, నా లైబ్రరీ కంపైలర్‌తోపాటే వచ్చే బేస్ తప్ప ఏదీ అడగదు, అందుకే కొత్త కంపైలర్ వచ్చినప్పుడు నాకు పెద్దగా పని పడదు.

ఇంకో మాట, నీ లైబ్రరీతోపాటే వేరేవాళ్ల లైబ్రరీల్లో చిన్న పనులు చెయ్యి. డాక్యుమెంటేషన్‌లో లేని ఉదాహరణ చేర్చడం, అర్థం కాని ఎర్రర్ మెసేజ్ సరిచేయడం లాంటివి. అలా చేస్తేనే మనుషులు పరిచయమవుతారు, వాళ్లు నీ కోడ్ మీద రాసే కామెంట్లే అసలు చదువు. ఇంగ్లిష్ గొప్పగా రాకపోయినా పర్వాలేదు, అడిగింది సూటిగా ఉంటే చాలు.

బెంగళూరు గురించి: ఉద్యోగం కోసం అయితే వెళ్లు, నేర్చుకోవడం కోసం అక్కర్లేదు. హాస్కెల్ ఉద్యోగాలు మన దేశంలో తక్కువే, ఆ మాట దాచను. బెంగళూరులో జస్‌పే అనే పేమెంట్ల కంపెనీ వాడుతుంది, అక్కడి ఆటోలకు నడిచే నమ్మ యాత్రి యాప్ బ్యాకెండ్ కూడా హాస్కెల్‌లోనే రాశారు, ఆ కోడ్ గిట్‌హబ్‌లో ఉంది కాబట్టి కావలిలో కూర్చునే చదవొచ్చు. నిజంగా జనం వాడే కోడ్‌లో టైపులు ఎలా పెడతారో దాన్ని చూసి నేర్చుకో. హాస్కెల్ ఉద్యోగమే దొరక్కపోయినా ఈ అలవాట్లు పైథాన్‌లోనూ, టైప్‌స్క్రిప్ట్‌లోనూ పనికొస్తాయి. నా జీతం పనిలో రోజూ రాసేది వేరే భాషే, అందులోనూ క్విక్‌చెక్ లాంటి టెస్టులే రాస్తున్నాను.

నీకు భూమి కొలతలు నచ్చకపోతే రొయ్యల లెక్క తీసుకో, కావలి చుట్టూ చెరువులున్నాయి, అడిగితే చెప్పేవాళ్లు బోలెడుమంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య, కాబట్టి 100 కౌంట్ కంటే 30 కౌంట్ పెద్ద రొయ్య, దానికే ధర ఎక్కువ. అంటే అంకె తగ్గితే సరుకు పెద్దది. దీన్ని ఉత్త ఇంటిజర్‌గా పెడితే సార్టింగ్ తలకిందులవుతుంది, న్యూటైప్ చేసి ఆర్డ్ ఇన్‌స్టెన్స్ (ఏది పెద్ద, ఏది చిన్న అని చెప్పేది) నువ్వే రాయాలి. మేత, బరువు రెండూ కిలోలే అయినా ఒకదాని బదులు ఇంకోటి పెడితే మేత మార్పిడి నిష్పత్తి (కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో ఆ లెక్క) తారుమారవుతుంది, అక్కడా టైపులు కావాలి. ముందు కౌంట్, మేత, బరువు, నిష్పత్తి అనే ఈ నాలుగు టైపులు, వాటి మీద పనిచేసే అయిదారు ఫంక్షన్ల సిగ్నేచర్లు రాసి ఇక్కడే కింద పెట్టు, కోడ్ అక్కర్లేదు. నేను చూస్తాను, నాకంటే బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు, వాళ్లూ చూస్తారు.