వీసా రాకపోతే ఏజెంట్‌కి కట్టిన అడ్వాన్సు పోయినట్టేనా?

ప్రశ్న: మాది కాకినాడ. వచ్చే మేలో అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో మొదటిసారి యూరప్ వెళ్దామనుకుంటున్నాం. హడావుడి లేకుండా స్విట్జర్లాండ్, ఇటలీ రెండే, పది రోజులు. హైదరాబాద్ ఏజెంట్‌కి 1.5 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. ఇప్పుడు పంపిన ఫారంలో "వీసా రాకపోతే రీఫండ్ లేదు, గొడవొస్తే హైదరాబాద్ కోర్టులోనే" అని ఉంది. నాన్నగారికి రాకపోతే ఎలా?

జవాబు: ముందు ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. బేరమాడాలంటే ఇప్పుడే, తర్వాత మన మాట వినరు.

రీఫండ్ లేదని రాసుకున్నంత మాత్రాన మొత్తం ఉంచేసుకునే హక్కు వచ్చేయదండి. నిజంగా ఖర్చు పెట్టింది, అంటే వీసా ఫీజు (పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా రాకపోయినా ఇది వెనక్కి రాదు), హోటల్ వాళ్లు కోసుకున్న క్యాన్సిలేషన్ ఛార్జీ, ఇవి ఏజెంట్ రసీదులు చూపించి పట్టుకోవచ్చు, మిగతాది ఇవ్వమని మనం గట్టిగా అడగొచ్చు. అలాగని ప్రతి పైసా వస్తుందని మాత్రం నేను చెప్పను.

అసలు కేసంతా వీసా ఎందుకు రాలేదన్న దాని మీదే నడుస్తుంది. షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, స్విట్జర్లాండ్, ఇటలీ అందులోవే) వీసా ఇవ్వకపోతే కారణం దగ్గర టిక్ పెట్టిన కాగితం ఇస్తాయి, అది జాగ్రత్తగా దాచుకోండి. ఇన్సూరెన్స్ సరిగ్గా లేదు అని ఉండి (కనీసం 30,000 యూరోలకి ఉండాలి), ఆ పని ఏజెంట్ ఒప్పుకున్నదైతే అది సేవా లోపమే, పరిహారం కూడా అడగొచ్చు. అదే తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు అని ఉంటే ఏజెంట్ తప్పు చూపించడం కష్టం. అందుకే నాన్నగారి పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మీరే దగ్గరుండి చూసుకోండి.

నాకు ఎక్కువ భయం వేసేది ఇంకోటి. ఐదుగురికి వీసా వచ్చి నాన్నగారికి ఒక్కరికే రాలేదనుకోండి, ఆయన్ని వదిలి మీరు వెళ్లరు కదా, అప్పుడు ఏజెంట్ మిగతా ఐదుగురూ మీ అంతట మీరే మానుకున్నారు అంటాడు. కాబట్టి ఒక్కరికి రాకపోయినా అందరిదీ వీసా రానట్టే లెక్క, అసలు ఖర్చులు పోను మిగతాది 30 రోజుల్లో ఇవ్వాలి, వీసాలు వచ్చేదాకా మిగతా డబ్బు అడగకూడదు, ఈ మూడూ మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో మాటిస్తే సరిపోదు.

హైదరాబాద్ కోర్టు అన్న లైను చూసి కంగారు పడకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. దానికంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, మీకు నవంబర్ అన్నమాట. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో అక్కడికే పెట్టాలి. వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకలేదు, డమ్మీ హోటల్ బుకింగులతో వేరే దేశానికి పెడదాం అని ఏజెంట్ అంటే అస్సలు ఒప్పుకోకండి, ఆ అప్లికేషన్ మీద సంతకం మీదీ, అమ్మానాన్నలదీ, దొంగ కాగితం అని తేలితే వచ్చిన వీసా కూడా రద్దు చేస్తారు.