మందుల షాపుకి ముందు రైతుబజారు

విశాఖపట్నం

తమ్ముడూ,

కళ్లకి మంచిదట, కొననా అంటూ విటమిన్ డబ్బా ఫోటో పంపావు. ఇప్పుడే వద్దు. ముందు ఆ డబ్బులు పట్టుకుని ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్లు.

కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనా. దాని మధ్యలో మాక్యులా అని చిన్న చోటుంది. అక్షరాలు, మొహాలు స్పష్టంగా కనిపించేది దానివల్లే. అక్కడ ల్యూటిన్, జియాజాంతిన్ అనే పసుపు పదార్థాలు కాపలా కాస్తుంటాయి. అవి ఒంట్లో తయారు కావు, తిండిలోంచే రావాలి. తోటకూర, పాలకూర, బచ్చలి, మునగాకు లాంటి ముదురాకుపచ్చ కూరల్లో బాగా ఉంటాయి. రోజూ తింటున్నానంటావు కానీ, మీ ఇంట్లో పాలకూర నీళ్లలో ఉడికించి, చుక్క నూనె లేకుండా పెడుతున్నారు. అవి కొవ్వులో కరిగే సరుకు, నూనె లేకపోతే ఒంటికి సరిగా పట్టవు. మరదలికి చెప్పు: తోటకూర సన్నగా తరిగి, చెంచాడు నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు వేసి, మూతపెట్టి దాని నీళ్లలోనే మగ్గనివ్వమను. గుడ్డులో పచ్చసొన పారేస్తున్నావట! డాక్టరు వద్దంటే తప్ప పారేయకు. ల్యూటిన్ ఉండేది అందులోనే.

మీ మామగారు రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నారు కదా, ఆయనకి మాత్రం ఒక్కసారిగా ఆకుకూరలు పెంచేయకండి. డాక్టర్ని అడిగి, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి.

క్యారెట్ జ్యూస్ తాగితే కళ్లజోడు పోతుందనుకోకు. విటమిన్ ఏ లోపం ఉంటే రేచీకటి వస్తుంది, ఆ లోపాన్ని క్యారెట్ తీరుస్తుంది, అంతవరకే. ‘పోయిన కంటికి పొన్నగంటి కూర’ అంటారు. పొన్నగంటి మంచి కూరే, పప్పులో వేసుకు తిను. పోయిన చూపుని మాత్రం ఏ కూరా తిరిగి తేలేదు.

హార్బరున్న ఊళ్లో ఉంటూ వారమంతా చికెనేమిటి? చేపలు తిను. ఖరీదైన వంజరమే అక్కర్లేదు, కవళ్లు చాలు. వేపుడు కాకుండా చింతపండు పులుసు పెట్టించుకో.

ఇక ఆ డబ్బా సంగతి. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెద్ద పరీక్షలు చేసి 2001లో, 2013లో ఫలితాలు చెప్పారు. వయసుతో మాక్యులా దెబ్బతినే జబ్బు మధ్యదశకి వచ్చినవాళ్లలో, ఆ విటమిన్ల వల్ల అది ముదిరే ప్రమాదం సుమారు 25 శాతం తగ్గింది. జబ్బు లేనివాళ్లకి రాకుండా ఆపుతుందని తేలలేదు. శుక్లాలకీ పనిచేయలేదు. చేపనూనె మాత్రలు కలిపి చూస్తే అదనపు లాభమేమీ కనబడలేదు. పాత ఫార్ములాలో బీటా కెరోటిన్ ఉండేది. అది పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని కొత్తదాంట్లో తీసేశారు. కంటి డాక్టరు పరీక్ష చేసి రాసిస్తే వేసుకో, లేకపోతే లేదు. నీ సిగరెట్ మాట నేను ఎత్తితే నీకు కోపం. అయినా చెప్తాను, మాక్యులాకీ శుక్లాలకీ కూడా అది చెడే చేస్తుంది. అది మానకుండా తోటకూర మీద భారం వేయకు.

నీకు షుగరుంది, అది నాకు అన్నిటికంటే టెన్షన్. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ జాగా కూరతో, పప్పుతో నింపు. షుగర్ అదుపు తప్పితే రెటీనా రక్తనాళాలు దెబ్బతింటాయి, మొదట్లో నొప్పి కూడా తెలియదు. అందుకే ఏడాదికోసారి ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో, ఎల్వీ ప్రసాద్‌లోనో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకో. ఇంట్లో అప్పుడప్పుడూ ఒక కన్ను మూసి కిటికీ ఊచలు చూడు, తర్వాత రెండో కన్నుతో. ఊచలు వంకర్లు పోయినట్టు కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి తీయకు. మరదల్ని తోడు తీసుకుని ఆటోలో వెళ్లు.

మీ అక్క