ఉమ్మడి సేంద్రియ తోటలో కోళ్లు, మేకలు పెట్టొచ్చా? గుడ్ల కోసమైతే వద్దు

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ: కొన్ని కుటుంబాలు కలిసి మందులు కొట్టకుండా కూరగాయలు పండించుకుంటున్నారు. ఇప్పుడు కోళ్లు, కుదిరితే మేకలు కూడా పెడదామని కొందరు, వద్దే వద్దని కొందరు అంటున్నారు. రోజూ ఎంత పని పడుతుంది, మొక్కల్ని బతకనిస్తాయా, గుడ్ల పంపకాల్లో గొడవలు రావా అని అడిగారు.

మా ఉమ్మడి తోటలో కోళ్లు, బాతులు, రెండు మేకలు ఉన్నాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను. గుడ్ల కోసమే అయితే పెట్టకండి. దాణా, గూడు, జాలీ, మనుషుల సమయం అన్నీ కలిపి లెక్కేస్తే కొనుక్కున్న గుడ్డే చవక. ఎరువు కోసం, తోటకి రోజూ రెండు పూటలా ఎవరో ఒకరు వచ్చేలా చేయడం కోసం అయితే నిశ్చింతగా పెట్టండి. ఆ రెండో కారణం వినడానికి వింతగా ఉంటుంది గానీ, మాకు దక్కిన అసలు లాభం అదే.

కూరగాయల దగ్గరికి ఒక పూట ఎవరూ రాకపోయినా కొంపేమీ మునగదు. కోళ్లతో అలా కుదరదు. పొద్దున్నే గూడు తీయాలి, నీళ్లు మార్చాలి, దాణా వేయాలి, అన్నిటినీ ఒకసారి కళ్లారా చూడాలి. తల వాల్చి మూల నిలబడ్డ కోడి, దాణా వేసినా కదలని కోడి ఆ పూటే కంటపడితేనే ఏమైనా చేయగలం. ఇదంతా అరగంట పని. సాయంత్రం పని ఇంకా తక్కువ. చీకటి పడేసరికి కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి, మనం లెక్కపెట్టి గడియ వేయడమే.

కానీ గొడవలన్నీ ఆ గడియ దగ్గరే మొదలవుతాయి. పొద్దుటి వంతుకి అందరూ చేతులెత్తుతారు, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వస్తారు. వాన పడే సాయంత్రం టార్చి పట్టుకుని ఒక్కళ్లే వచ్చి గడియ వేసి వెళ్లాలంటే మాత్రం ఎవరికీ కాళ్లు కదలవు. ఒక్క రాత్రి తలుపు తీసి ఉంటే చాలు, మర్నాటికి ఈకలే మిగులుతాయి. అందుకే కోళ్లని తేకముందే ఒక నెల ఉత్తుత్తి వంతులు నడిపి చూడండి. ఖాళీ గూటికే రోజూ ఎవరో ఒకరు వచ్చి, గడియ వేసి, గ్రూప్‌లో ఫొటో పెట్టాలి. నెలలో నాలుగైదు సాయంత్రాలు ఫొటో రాలేదంటే మీకు జవాబు దొరికినట్టే. మా దగ్గర ఒక పెద్దావిడ పట్టుబట్టి ఇది చేయించారు. అప్పుడు అందరూ నవ్వారు. కోళ్లు కావాలని అందరికంటే గట్టిగా వాదించిన వాళ్లే ఆ నెలలో మెల్లగా తప్పుకున్నారు.

గూడు గురించి ఒక్క మాట. కోళ్ల జాలీ పేరుతో అమ్మే ఆరు మూలల కన్నుల పల్చటి వల కోడిని లోపల ఉంచడానికే పనికొస్తుంది. కుక్క పళ్లకి అది ఆగదు. అరంగుళం కన్నులున్న వెల్డెడ్ మెష్ వేయించి, అంచు ఒక అడుగు లోతున నేలలో పాతండి. తవ్వుకుని వచ్చే జంతువులు గోడ వారనే తవ్వుతాయి. దాణాని రేకు డబ్బాలో మూత బిగించి పెట్టండి. గోనెసంచిలో వదిలేస్తే ముందు ఎలుకలు వస్తాయి, వాటి వెనకాల పాములు వస్తాయి.

ఇక రోజూ మనిషి రావడం వల్ల కూరగాయలకి ఏం ఒరిగిందో చెప్తాను. కోళ్లు రాకముందు మేం ఎక్కువగా సెలవు రోజుల్లోనే తోటకి వెళ్లేవాళ్లం. బెండ పువ్వు వాడిన నాలుగైదు రోజులకి కాయ కోతకొస్తుంది. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే పీచు కడుతుంది, కత్తి కూడా దిగదు. దోస పాదు మీద ఒక కాయని పండబారనిస్తే పాదు ఆ గింజల మీదే శక్తి పెట్టి కొత్త పిందెలు తగ్గిస్తుంది. ఇప్పుడు కోళ్ల వంతుకి వచ్చినవాళ్లే చేతిలో బుట్టతో ఒక చుట్టు తిరిగి కోసేస్తున్నారు. గుమ్మడి సంగతి ఇంకా బాగుంటుంది. దాని పువ్వు తెల్లవారగానే విచ్చుకుని ఎండ ముదిరేలోపు ముడుచుకుంటుంది. తేనెటీగలు పెద్దగా కనపడని రోజున మగ పువ్వు ఒకటి తుంచి, రేకులు తీసేసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అద్దాలి. తొమ్మిదింటికి వచ్చేవాడికి ఆ అవకాశం ఉండదు. కోళ్లని వదలడానికి ఆరింటికే వచ్చేవాడికి ఉంటుంది.

చీడలు కూడా తొందరగా కంటపడుతున్నాయి. ఆ మధ్య పొద్దుటి వంతుకి వాళ్ల నాన్నతో వచ్చిన పిల్లాడు చిక్కుడు పందిరి దగ్గర నుంచి "అంకుల్, కొత్త పురుగు వచ్చింది, చంపేయనా?" అని అరిచాడు. వెళ్లి చూస్తే లేత కొమ్మ చివరంతా పేనుబంక, అంటే రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు. దాని మధ్యలో ముదురు బూడిద రంగులో, నడుము మీద నారింజ మచ్చలతో, ఒళ్లంతా ముళ్లతో బుల్లి మొసలిలా ఒక పురుగు. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయ్యాక ఎర్రగా, గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది గానీ ఈ దశలో చూసినవాళ్లు చీడ అనుకుని నలిపేస్తారు. ఇద్దరం అక్కడే కూర్చుని చూశాం. ఒక పేనుని నోట కరిచి పట్టుకుంది, అది కాళ్లు కొట్టుకుంటుంటే లోపలిదంతా పీల్చేసి, తొక్క వదిలేసి, పక్కదాని మీద పడింది. ఈలోగా కాండం మీద చీమలు పైకీ కిందకీ తిరుగుతున్నాయి. పేను వదిలే తియ్యటి బంక కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరుముతాయి. చీమల దారి ఆపితే సగం పని అయినట్టే. ఆ కొమ్మకి మేం ఏమీ కొట్టలేదు. కొట్టాల్సి వస్తే వేపనూనె కూడా సాయంత్రమే కొట్టండి, తేనెటీగలు పూల మీద లేని వేళ.

కోళ్లు చీడపురుగుల్ని తినేస్తాయి, మొక్కలకి మంచిదే కదా అని చాలామంది అంటారు. అది సగమే నిజం. కోడికి పురుగూ వానపామూ ఒకటే. మొలకెత్తిన మడిలోకి ఒక్క కోడి దూరితే పావుగంటలో మొత్తం గీకి పారేస్తుంది, దుమ్ములో పొర్లాడటానికి గుంట కూడా తీస్తుంది. పంట ఉన్న మడుల్లోకి వాటిని రానివ్వకండి. కోత అయిపోయిన మడి చుట్టూ తాత్కాలికంగా వల కట్టి రెండు వారాలు వదలండి. కలుపు గింజలు, నేలలో దాగిన పురుగు గుడ్లు, గూటి దశలో ఉన్న పురుగులు (ప్యూపాలు) ఏరుకు తింటాయి, మట్టిని గుల్ల చేస్తాయి. బాతులు గీకవు, నత్తల్ని వెతికి వెతికి తింటాయి, కాబట్టి నత్తల బెడద ఉంటే బాతులే మేలు. కాకపోతే లేత ఆకుకూరలు వాటికీ ఇష్టమే, పైగా పెద్ద పాదాలతో మొలకల్ని తొక్కేస్తాయి. వాటికి చెరువేమీ అక్కర్లేదు, తల మొత్తం ముంచి ముక్కు, కళ్లు కడుక్కునేంత లోతున్న తొట్టి చాలు.

ఎరువు దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. కోడి పెంట చాలా ఘాటు. పచ్చిది వేస్తే మొక్కల వేళ్లు మాడిపోతాయి. గూట్లో ఎండుటాకులు, రంపపు పొట్టు మందంగా పరిచి, పెంటతో సహా తీసి కుప్ప వేయండి. కుప్పలో నత్రజని ఒక వంతుకి కర్బనం 25-30 వంతులు ఉంటే బాగా మాగుతుంది. అంత లెక్క చూసేదెవరు అంటారా? ముక్కుతో చూడండి. అమ్మోనియా ఘాటు వస్తే ఎండుటాకులు తక్కువైనట్టు. కుప్ప వేడెక్కకుండా అలాగే ఉండిపోతే పచ్చి సరుకో తడో చాలనట్టు. పొరుగువాళ్లు వాసన అని ఫిర్యాదు చేస్తారేమో అని మీలో ఎవరో టెన్షన్ పడుతున్నారన్నారు కదా, ఎండుటాకుల నిల్వ ఉంటే ఆ బాధ ఉండదు. నడిమధ్యలో 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. అంచులు మధ్యలోకి వచ్చేలా తిరగేస్తూ ఉండాలి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో ఒక కొలత ఉంది: మాగని పచ్చి పశువుల ఎరువు వేస్తే, తినే భాగం మట్టికి తగిలే పంటని 120 రోజుల తర్వాత, తగలనిదాన్ని 90 రోజుల తర్వాత కోయాలి. మీరు ఎక్కడున్నా పచ్చిగా తినే ఆకులకి, క్యారట్ లాంటి దుంపలకి ఆ కొలత పాటించడం మంచిది.

మా తోటకి తగిలిన పెద్ద దెబ్బ ఈ ఎరువు దారిలోనే వచ్చింది. ఒక ఏడు మేకలకి బయటి నుంచి ఎండుగడ్డి తెప్పించాం. మందులేవీ కొట్టలేదని అమ్మినాయన చెప్పాడు. మేకలు శుభ్రంగా తిన్నాయి, వాటికేమీ కాలేదు. ఆ ఎరువు మాగాక టమాటా, చిక్కుడు మడుల్లో వేశాం. మూడో వారానికి లేత ఆకులు లోపలికి ముడుచుకుపోయాయి, ఈనెలు దగ్గరపడి ఆకు సన్నబడింది, కొమ్మలు మెలికలు తిరిగాయి. తెగులు అన్నారు, నీళ్లు ఎక్కువయ్యాయన్నారు, తెల్లదోమ అన్నారు. ఆ పక్క మడిలోనే మొక్కజొన్న నవనవలాడుతోంది. అది చూశాకే అనుమానం వచ్చింది. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ అనే కలుపు మందులున్నాయి. అవి వెడల్పాకు మొక్కల్ని చంపుతాయి, గడ్డి జాతిని వదిలేస్తాయి, మొక్కజొన్న కూడా గడ్డి జాతే. గడ్డితో పాటు పశువు కడుపులోకి వెళ్లినా చాలావరకు చెక్కుచెదరకుండా పేడలోకి వచ్చేస్తాయి, ఎరువు కుప్పలో కూడా తొందరగా నశించవు. మందులు కొట్టని తోటలోకి మందు అలా మేకల ద్వారా వచ్చింది. ఆ మడుల్లో ఆపై మొక్కజొన్న మాత్రమే వేశాం.

అప్పట్నుంచి బయటి గడ్డి గానీ ఎరువు గానీ కుండీ పరీక్ష కాకుండా మడికెక్కదు. కొన్ని కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, కొన్నిటిలో మన సొంత మట్టి పోసి, అన్నిట్లో చిక్కుడు గింజలు నాటాలి. మూడు వారాలు చూడాలి. ఎరువు కుండీల్లో ఆకులు ముడిస్తే ఆ సరుకు వెనక్కి పంపేయాలి. గడ్డిని పరీక్షించాలంటే దాన్ని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పోసి చూడొచ్చు. ఈ ఒక్క పని మీరు మొదటి రోజు నుంచే పెట్టుకోండి, మిగతావన్నీ మెల్లగా నేర్చుకోవచ్చు.

వంటింటి మిగుళ్లు అందరూ ప్రేమగా తెచ్చి పోస్తారు. గూటి తలుపు మీద ఒక కాగితం అంటించండి: అవకాడో, పచ్చి రాజ్మా గింజలు, పచ్చబారిన బంగాళాదుంప, చాక్లెట్, బూజు పట్టినదేదైనా వేయకూడదు. కోళ్లకి నట్టల మందు (కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చేది) లాంటిది ఇస్తే, దాని మీద రాసి ఉన్న గడువు అయ్యేదాకా ఆ గుడ్లు ఎవరూ తినకూడదు. ఆ తేదీ కూడా తలుపు మీదే రాయాలి.

గుడ్ల పంపకానికి మేం చాలా పద్ధతులు అనుకుని చివరికి సులువైనది పట్టుకున్నాం. ఏ రోజు వంతు ఎవరిదో ఆ రోజు గుడ్లు వాళ్లవి. పది దొరికినా రెండే దొరికినా అడిగేవాళ్లు లేరు. పెట్ట ఒక గుడ్డు తయారు చేయడానికి రోజు కంటే కొంచెం ఎక్కువే తీసుకుంటుంది, పగటి వెలుతురు తగ్గే కాలంలో, ఈకలు రాల్చే కాలంలో, బాగా ఎండలు ముదిరినప్పుడు గుడ్లు పడిపోతాయి. ఇది ముందే చెప్పకపోతే ఎవరో తీసుకెళ్లిపోతున్నారన్న అనుమానాలు మొదలవుతాయి. గుడ్లని కడగకుండా పొడి గుడ్డతో తుడిచి ఉంచితే ఎక్కువ రోజులు నిలుస్తాయి, పెంకు మీది సహజ పొర పోదు. గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పొరుగువాళ్ల నిద్ర మీద గౌరవం ఉంటే తేకండి.

అసలైన చిక్కు రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది. మొదటి రెండేళ్లు బాగా పెట్టిన పెట్ట ఆ తర్వాత తగ్గిస్తూ పోతుంది, కానీ ఆరేడేళ్లు బతకగలదు. అప్పటికి పిల్లలు ప్రతి కోడికీ పేరు పెట్టి ఉంటారు. కోసుకుందామనేవాళ్లూ, ముట్టుకుంటే ఊరుకోమనేవాళ్లూ ఒకే గ్రూప్‌లో ఉంటారు. మా దగ్గర దీని మీద జరిగినంత వాదన ఇంక దేని మీదా జరగలేదు. ఏ నిర్ణయమైనా సరే, మొదటి కోడి రాకముందే రాసి అందరి చేతా సంతకాలు పెట్టించండి. మేమైతే ఉంచేశాం. ముసలి పెట్టలు ఎరువు కుప్ప దగ్గర ఉంటాయి, రోజంతా దాన్ని గీకుతాయి, మాకు తిరగేసే పని సగం తగ్గింది.

మేకలు మాత్రం ఏడాది ఆగాకే. మేక ఏదైనా తింటుందన్నది వట్టి మాట, నిజానికి ఏరుకు తింటుంది, అదీ తల పైకెత్తి అందేవి. కంచె దాటిందంటే పండ్ల చెట్టు బెరడు చుట్టూ కొరికేస్తుంది, బెరడు చుట్టూరా పోయిన చెట్టు ఇక బతకదు. కంచె పక్కన గన్నేరు ఉంటే ముందే పీకేయండి, కొద్దిగా తిన్నా ప్రాణం మీదకొస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు గుప్పెళ్లతో గింజలు పెట్టకుండా చూసుకోవాలి, అలవాటు లేని గింజలు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బి చచ్చిపోవచ్చు. నెలన్నరకో రెండు నెలలకో గిట్టలు కత్తిరించాలి, ఆ పని చేతకావాలంటే తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఒక్క మేకని తెచ్చి కట్టేస్తే రాత్రీ పగలూ అరుస్తూనే ఉంటుంది. తెస్తే రెండు ఒకేసారి తెండి.