టొరంటోలో పోయిన ఉద్యోగం, ఒట్టావా చట్టం, చేతిలో 18 రోజులు

ప్రశ్న: నేను బ్రాంప్టన్‌లో ఉంటాను. టొరంటోలో ఒక పెద్ద బ్యాంకులో ఆరేళ్ళు డేటా విభాగంలో పనిచేశాను. సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు పిలిచి 'వితౌట్ కాజ్' అని రాసిన టెర్మినేషన్ లెటర్ చేతిలో పెట్టారు. కొత్తగా వచ్చిన బాస్ నా ఇంగ్లీషు యాసను నలుగురిలో వెక్కిరించేవాడు. నెత్తిమీద మార్ట్‌గేజ్ ఉంది, గుంటూరులో అమ్మకు డయాలసిస్, ఇంట్లో రోజూ గొడవే, నా భార్య విడిగా ఉందామంటోంది. సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ఆరు వారాల జీతం ఇప్పటికే వేశారు. నేనే రిజైన్ చేసినట్టు కాగితం మీద, దాంతోపాటు రిలీజ్ (ఇక బ్యాంకు మీద ఏ దావా వేయనన్న ఒప్పుకోలు) మీద సంతకం పెడితే మొత్తం పది వారాలు చేసి, మంచి రిఫరెన్స్ లెటర్ కూడా ఇస్తామంటున్నారు. పరువు దక్కుతుంది, పెట్టేయమని మా తోడల్లుడు. ఒంటారియో లేబర్ మినిస్ట్రీలో ఫ్రీగా కంప్లయింట్ పెట్టమని ఫ్రెండ్. ఇమిగ్రేషన్, ఫ్యామిలీ, హ్యూమన్ రైట్స్, ఇందులో ఏ లాయరు దగ్గరికి వెళ్ళాలి?
– ఒక పాఠకుడు, బ్రాంప్టన్

జవాబు: మీరు రాసింది నాలుగు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ అమ్మగారి ఆరోగ్యం, ఒక పేజీ బాస్ ఎలాంటివాడన్నది. ఉద్యోగం తీసేసిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. లెటర్ ఫొటో జతచేశారు, బాగుంది, కానీ తేదీ ఉండాల్సిన మూల మీద మీ బొటనవేలు ఉంది. మళ్ళీ మెయిల్ పెట్టి అడిగితే గానీ అది జనవరి 29 అని బయటపడలేదు. మీ కేసు మొత్తం రెండు విషయాల మీద నిలబడి ఉంది. ఆ తేదీ ఒకటి, మీకు జీతం ఇచ్చింది ఎవరన్నది రెండోది. మిగతావాటిలో కొన్ని నిజమైన కష్టాలే, కాదనను, కానీ వాటి వల్ల గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు.

ముందు జీతం సంగతి. ఇండియాలో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా ఉన్నట్టే కెనడాలోనూ 1867 నాటి రాజ్యాంగ చట్టంలో 91, 92 సెక్షన్ల కింద అధికారాలు పంచుకున్నారు. మామూలు ఉద్యోగాలన్నీ ప్రావిన్స్ కిందికి వస్తాయి. షాపు, ఫ్యాక్టరీ, సాఫ్ట్‌వేర్ కంపెనీ, రెస్టారెంటు ఏదైనా ఒంటారియోలో ఉంటే ఒంటారియో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్ వర్తిస్తుంది. బ్యాంకులు, విమానయాన సంస్థలు, టెలికాం, ప్రావిన్స్ దాటి తిరిగే రైళ్ళు, లారీలు ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం కిందివి. వాటికి కెనడా లేబర్ కోడ్. మీరు బ్రాంప్టన్‌లో ఉండటం, ఆఫీసు టొరంటోలో ఉండటం ఈ లెక్కను మార్చవు. కాబట్టి మీ ఫ్రెండ్ చెప్పిన లేబర్ మినిస్ట్రీ మీ విషయంలో తప్పు గుమ్మం. అక్కడ కంప్లయింట్ పెట్టి, వాళ్ళు ఇది మాది కాదని చెప్పేదాకా కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. తప్పు అధికారికి మంచి నమ్మకంతో ఫిర్యాదు చేసినవాళ్ళకు గడువు పొడిగించే వెసులుబాటు ఆ చట్టంలో ఉంది గానీ, అది కిటికీ లాంటిది, ఎదురుగా గుమ్మం తెరిచి ఉండగా కిటికీలోంచి దూకడం ఎందుకు?

ఒక చిన్న పిట్టకథ. మనవాళ్ళు చాలామంది "బ్యాంకులో చేస్తున్నా" అంటారు, తీరా చూస్తే జీతం ఇచ్చేది కన్సల్టెన్సీ. అప్పుడు కథ పూర్తిగా వేరు, ఎక్కువగా ఒంటారియో చట్టమే వర్తిస్తుంది. మీ టీ4 (ఏటా యజమాని ఇచ్చే జీతం, పన్ను స్లిప్పు) తీసి ఎంప్లాయర్ పేరు చూడండి. అక్కడ బ్యాంకు పేరే ఉంటేనే ఇక నుంచి నేను చెప్పేది మీకు పనికొస్తుంది.

ఉందనుకుందాం. ఒంటారియో చట్టం కింద అయితే యజమాని సరిపడా నోటీసు గానీ, దానికి బదులు డబ్బు గానీ ఇచ్చి, కారణం చెప్పకుండానే పంపించేయవచ్చు. 'వితౌట్ కాజ్' అంటే అదే. మీరూ అందుకే ఎంత డబ్బు వస్తుందన్న దగ్గరే ఆగిపోయారు. కెనడా లేబర్ కోడ్ కింద అలా కుదరదు. యూనియన్‌లో లేని ఉద్యోగి, మేనేజర్ కానివాడు, వరుసగా 12 నెలలు పనిచేసినవాడు అయితే డబ్బు ఇచ్చినా సరే కారణం లేకుండా తీసేయడం అన్యాయమైన తొలగింపే అని 2016లో విల్సన్ వర్సెస్ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు వాళ్ళు తమ చేతులతో రాసిన 'వితౌట్ కాజ్' అన్న రెండు మాటలే మీకు దొరికిన అతి పెద్ద సాక్ష్యం. బాస్ మీద మీరు రాసిన పేజీ కంటే వంద రెట్లు గట్టిది.

ఇక తేదీ. అన్యాయమైన తొలగింపు మీద ఫిర్యాదుకు కెనడా లేబర్ కోడ్ 240వ సెక్షన్ ఇచ్చిన గడువు తొలగించిన నాటి నుంచి 90 రోజులు. మీ రెండో మెయిల్‌లో "జీతం మార్చి రెండో వారం దాకా వచ్చింది కదా, అక్కడి నుంచి లెక్క వేసుకున్నా" అన్నారు. ఆ లెక్క మానేయండి. జీతం ఎప్పటిదాకా పడిందన్నది వేరు, తొలగింపు ఎప్పుడన్నది వేరు. కోర్టులో వాదించగలిగే లెక్క ఒకటి, ప్రమాదం లేని లెక్క ఒకటి ఉంటాయి, గడువు దగ్గర ఎప్పుడూ రెండోదే పట్టుకోవాలి. జనవరి 29 నుంచి 90 రోజులంటే ఏప్రిల్ 29. మీ మొదటి మెయిల్ నాకు చేరింది ఏప్రిల్ 11న, అంటే 72 రోజులు అప్పటికే అయిపోయాయి. మీకు అప్పుడు మిగిలినవి 18. డెబ్బై రెండు రోజులు ఏం చేశారు సార్? తోడల్లుడితో మాట్లాడారు, ఒక ఇమిగ్రేషన్ కన్సల్టెంటుకు 400 డాలర్లు ఇచ్చి నోటీసు డ్రాఫ్ట్ చేయించారు. ఇమిగ్రేషన్ కన్సల్టెంటు లైసెన్సు ఇమిగ్రేషన్ పనులకే. ఉద్యోగం కేసులో నోటీసులు రాయడం ఆయన పని కాదు, ఆ డ్రాఫ్ట్ చూశాను, అందులో ఒంటారియో చట్టం సెక్షన్లు ఉన్నాయి. పంపకపోవడం మీ అదృష్టం.

ఇంకోటి గమనించారా? బ్యాంకు వాళ్ళు సంతకానికి ఇచ్చిన మొదటి గడువు ఫిబ్రవరి 13. "మీ కుటుంబ పరిస్థితి అర్థం చేసుకున్నాం" అంటూ రెండుసార్లు పెంచి, ఇప్పుడు ఏప్రిల్ 30 చేశారు. మీ 90 రోజులు అయిపోయిన మర్నాడు. కాకతాళీయమే కావచ్చు. నేనైతే ఆ మర్యాదకు థాంక్స్ చెప్పి, ఫిర్యాదు 29 రాకముందే వేసేస్తాను.

ఇప్పుడు మీ తోడల్లుడి సలహా. గట్టిగానే చెబుతున్నాను, ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. రాజీనామా చేసినవాణ్ణి ఎవరూ తీసేయలేదు. తొలగింపే లేకపోతే అన్యాయమైన తొలగింపు ఎక్కడిది? ఆ ఒక్క కాగితంతో మీ కేసు మొత్తాన్ని మీరే చింపి చెత్తబుట్టలో వేసినట్టు. పైగా సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాడికి ఈఐ (ప్రభుత్వ నిరుద్యోగ బీమా) రాదు. ఇంతా చేసి పరువు దక్కుతుందా అంటే, వచ్చే ఉద్యోగంలో ఇంటర్వ్యూ చేసేవాడు ఆరేళ్ళ తర్వాత ఖాళీ చేతులతో ఎందుకు మానేశావని అడగడా?

దీనికి వాళ్ళు ఇస్తున్న ధర ఎంతో వేళ్ళ మీద లెక్క వేద్దాం. 2024 ఫిబ్రవరి 1 నుంచి కెనడా లేబర్ కోడ్ ప్రకారం ఆరేళ్ళ సర్వీసుకు కనీస నోటీసు ఆరు వారాలు. అవి మీ అకౌంటులో పడ్డాయి. దీనికి తోడు సెవరెన్స్, అంటే తొలగింపు పరిహారం, ఏడాదికి రెండు రోజుల జీతం చొప్పున 12 రోజులు. అది సంతకం పెట్టినా పెట్టకపోయినా మీకు రావాల్సిందే, మీ పే స్లిప్పుల్లో అది ఎక్కడా కనిపించలేదు, అడగండి. పది వారాల్లో ఆరు పోతే నాలుగు, అంటే 20 పనిదినాలు. అందులో 12 చట్ట ప్రకారం మీవే. మీ సంతకానికి వాళ్ళు కట్టిన ఖరీదు ఎనిమిది రోజుల జీతం. ఆరేళ్ళ ఉద్యోగానికి, వెనక్కి వెళ్ళే హక్కుకు, కోర్టుకు వెళ్ళే హక్కుకు కలిపి.

"సంతకం పెట్టి డబ్బు తీసుకుని, తర్వాత ఫిర్యాదు వేస్తే?" అని మీకు ఎవరో ఒకరు చెబుతారు, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. అందులో సగం నిజం ఉంది. 2020లో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో, రిలీజ్ మీద సంతకం పెట్టినంత మాత్రాన 240 కింద ఫిర్యాదు చేసే దారి మూసుకుపోదని ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని వేలాడకండి. ఆ రిలీజ్ సివిల్ కోర్టు దారిని మూసేస్తుంది, తీసుకున్న డబ్బు లెక్కలోకి వస్తుంది, అన్నిటికీ మించి మీ చేతిలో ఉన్నది ఒట్టి రిలీజ్ కాదు, దానికి రాజీనామా కుట్టి ఉంది.

మీ వైపు ఒక బలహీనత ఉంది, మీరు రాయలేదు, మెయిల్ కింద సంతకంలో చూశాను. మీ హోదా 'సీనియర్ మేనేజర్'. మేనేజర్లకు ఈ ఫిర్యాదు హక్కు లేదు. బ్యాంకుల్లో ముగ్గురిలో ఒకరి కార్డు మీద మేనేజర్ అనే ఉంటుందనుకోండి, కానీ అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. చూసేది పేరు కాదు, అధికారం. మీరు ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకున్నారా, తీసేశారా, బడ్జెట్ మీద పైవాళ్ళను అడగకుండా సంతకం పెట్టగలిగారా? లేదనే అనుకుంటున్నాను. అలా అయితే మీ జాబ్ డిస్క్రిప్షన్, వార్షిక రివ్యూలు, సెలవుకు కూడా పై అనుమతి అడిగిన మెయిళ్ళు, మీ దగ్గర ఇప్పటికే ఉన్నవి ఒకచోట పెట్టండి. ఇంకా లోపల పనిచేస్తున్న స్నేహితుడితో ఆఫీసు ఫైళ్ళు పంపించుకోకండి, అతని ఉద్యోగమూ పోతుంది, మీ కేసుకూ మచ్చ పడుతుంది.

ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను. సర్వీస్ కెనడా అకౌంటులోకి వెళ్ళి మీ రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ (ఉద్యోగం ఎందుకు ముగిసిందో యజమాని రాసిచ్చే పత్రం) తెరిచి 16వ గడి చూడండి. అక్కడ ఎమ్ (M) అక్షరం ఉంటే డిస్మిసల్. ఈ (E) ఉంటే మానేశాడని, అప్పుడే రాజీనామా రాసేసుకున్నారన్నమాట, వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఏ (A) ఉంటే పని లేక తీసేశామని, ఇది జాగ్రత్తగా చూడాల్సింది, ఎందుకంటే పని లేకపోవడం వల్లో, ఆ పోస్టే ఎత్తేయడం వల్లో పోయిన ఉద్యోగానికి ఈ ఫిర్యాదు నడవదు. మీ స్థానంలో ఇంకొకరిని తీసుకున్నారని రాశారు కదా, ఆ ఉద్యోగ ప్రకటన స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచండి. తర్వాత 241 సెక్షన్ కింద తొలగింపుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని బ్యాంకుకు ఒక ఉత్తరం రాయండి, 15 రోజుల్లో ఇచ్చి తీరాలి. ఆ జవాబు వచ్చేదాకా ఫిర్యాదు ఆపకండి. ఫిర్యాదు కేంద్ర ప్రభుత్వ కార్మిక విభాగమైన ఫెడరల్ లేబర్ ప్రోగ్రామ్‌కు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, ఫీజు లేదు. ముందు ఇన్‌స్పెక్టర్ రాజీకి ప్రయత్నిస్తాడు, కుదరకపోతే మీరు అడిగితే కెనడా ఇండస్ట్రియల్ రిలేషన్స్ బోర్డుకు వెళ్తుంది. పోయిన జీతంతో సహా ఉద్యోగంలోకి తిరిగి తీసుకోమని చెప్పగల అధికారం ఆ బోర్డుకు ఉంది.

యాస వెక్కిరింపు విషయం ఫిర్యాదులో ఒక పేరాలో చెప్పండి, దాన్నే ప్రధాన కారణం చేయకండి. అది కెనడియన్ హ్యూమన్ రైట్స్ కమిషన్ పరిధి, ఏడాది గడువు ఉంది. ముందు దాన్నే పెట్టారంటే, దానికి వేరే చట్టంలో దారి ఉంది కదా, ఇక్కడెందుకని వాళ్ళు వాదిస్తారు.

ఏప్రిల్ 29 దాటిపోతే ప్రపంచం మునిగిపోదు. సివిల్ కోర్టులో రాంగ్‌ఫుల్ డిస్మిసల్ (సరిపడా నోటీసు ఇవ్వకుండా తీసేశారన్న) కేసుకు ఒంటారియోలో రెండేళ్ళ కాలపరిమితి, 50,000 డాలర్ల దాకా స్మాల్ క్లెయిమ్స్ కోర్టులోనే అడగవచ్చు. 1960 నాటి బార్డల్ కేసు నుంచి వయసు, సర్వీసు, ఉద్యోగం తీరు, అలాంటి పని మళ్ళీ దొరికే అవకాశం చూసి నోటీసు కాలం కడతారు. కానీ మీ ఆఫర్ లెటర్‌లో టెర్మినేషన్ క్లాజు ఏం రాశారన్నదాన్ని బట్టి అది బాగా తగ్గిపోవచ్చు, ఉద్యోగమైతే తిరిగి రాదు. ఏ దారిలో వెళ్ళినా కొత్త ఉద్యోగం వెతికిన రుజువు అడుగుతారు. ఎక్కడెక్కడ అప్లై చేశారో తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఈఐకి ఇంకా అప్లై చేయలేదట, అడుక్కోవడంలా ఉంటుందని. మీ జీతంలోంచి ఆరేళ్ళు ప్రీమియం కోసుకున్న ఇన్సూరెన్సు అది. చివరి పనిరోజు నుంచి నాలుగు వారాలు దాటితే కొంత పోయే ప్రమాదం ఉంది, మీరు పది దాటించారు. ఈరోజే వేయండి, ఆలస్యానికి కారణం రాయండి.

మిగతా ప్రశ్నలు. సిటిజన్‌షిప్‌కు ఉద్యోగం ఉందా లేదా అన్నది అక్కర్లేదు, అప్లికేషన్‌కు ముందు ఐదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉన్నారా లాంటి షరతులే చూస్తారు. ఆ టెన్షన్ వదిలేయండి. ఇల్లు మీ ఒక్కరి పేరునే ఉన్నా మీరు కాపురం ఉంటున్నది కాబట్టి మీ భార్య సమ్మతి లేకుండా అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, ఆ ఆలోచనే పెట్టుకోకండి. ఆవిడ నిజంగానే విడిగా ఉంటానంటే అప్పుడు ఫ్యామిలీ లాయరు, ఇప్పుడు కాదు.

ఇక ఏ లాయరు అని కదా అడిగారు. ఇక్కడ అందరి బోర్డు మీదా 'బారిస్టర్ అండ్ సొలిసిటర్' అనే ఉంటుంది, ఇంటి రిజిస్ట్రేషన్లు చేసేవారిదీ, హత్య కేసులు వాదించేవారిదీ. బోర్డు చూసి లోపలికి వెళ్ళకండి. ఎంప్లాయ్‌మెంట్ లాయరు కావాలి, అందులోనూ ఫోన్‌లోనే "240 ఫిర్యాదులు ఎన్ని చేశారు" అని అడగండి. తడుముకుంటే ఫోన్ పెట్టేయండి. లా సొసైటీ ఆఫ్ ఒంటారియో రెఫరల్ సర్వీసు ద్వారా వెళితే మొదటి అరగంట దాకా ఉచితం. ఆ అరగంటలో బాస్ గురించి చెప్పకండి. టెర్మినేషన్ లెటర్, ఆఫర్ లెటర్, టీ4, 16వ గడి స్క్రీన్‌షాట్ బల్ల మీద పెట్టండి. లెటర్ ఫొటో మళ్ళీ తీయండి, ఈసారి వేలు అడ్డం లేకుండా.