మా అబ్బాయికి పాత థింక్‌ప్యాడే కావాలట, ఇదేం పిచ్చి?

ఇంటర్ చదివే అబ్బాయి, కొత్త లాప్‌టాప్ కొనిస్తామన్నా వద్దని, ఎవరో వాడేసిన థింక్‌ప్యాడే కావాలని పట్టుబట్టాడని రాశారు. అందరు పిల్లలూ సన్నగా మెరిసేవి అడుగుతుంటే వీడికి ఈ నల్ల డబ్బా మీద మోజేంటన్నది మీ ప్రశ్న. ఆ పిచ్చి నాకు పదేళ్లుగా ఉందండి. కంగారు పడక్కర్లేదు. అలాగని అంతా మంచికే అని కూడా చెప్పలేను.

2015లో, బీటెక్ మూడో ఏడులో కొన్నాను నా మొదటిది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అంటాం. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన లాప్‌టాప్‌లు లాట్లుగా అక్కడి షాపులకు వస్తుంటాయి. ఎక్స్220 మోడల్, మూత మీద ఎవరి ఆఫీసు స్టిక్కరో పీకేసిన మరక. షాపాయన 14,500 అన్నాడు. తీసి ఇచ్చేశాను. వంద తగ్గించమని కూడా అడగలేదని తోడొచ్చిన ఫ్రెండు బస్సెక్కేదాకా తిడుతూనే ఉన్నాడు. ఖమ్మంలో ఇంటికి తీసుకెళ్తే అమ్మ మూత తెరిచి, కీల మధ్యనున్న ఎర్ర బుడిపె చూసి, "నల్ల పెట్టెకి బొట్టు పెట్టారేంట్రా" అంది.

ఆ బొట్టు గురించి నేను గంటసేపు చెప్పగలను, అప్పట్లో చెప్పేవాణ్ణి కూడా. దాని పేరు ట్రాక్‌పాయింట్. థింక్‌ప్యాడ్‌లను మొదట తయారుచేసిన అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎంలో టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడు తయారుచేశాడు. టైపు చేసే చెయ్యి మౌస్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావడానికి పట్టే టైము ఆయనకు దండగనిపించింది. అందుకే జీ, హెచ్, బీ కీల మధ్యలోనే బాణం గుర్తును నడిపే బుడిపె పెట్టాడు. 1992లో వచ్చిన 700సీతో ఈ లాప్‌టాప్‌ల కథ మొదలైంది. రూపం రిచర్డ్ సాపర్ అనే జర్మన్ డిజైనర్‌ది. జపాన్ వాళ్లు అన్నం సర్దుకునే నల్ల పెట్టె ఉంటుంది చూడండి, బెంటో, ఆ ఊహలోంచి వచ్చింది: బయట ఏమీ కనబడదు, తెరిస్తేనే లోపలి సరుకు. ఇంకో ముచ్చట. ఐబీఎంలో ఎరుపు రంగును అత్యవసరంగా కరెంటు ఆపే బటన్లకే వాడాలని రూలు ఉండేది. డిజైనర్లు కాగితాల మీద ఆ బుడిపె రంగును "మెజెంటా" అని రాసి పని కానిచ్చారు! వీటిలో ఒక్కటీ పరీక్షలో రాలేదు, అన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి.

2005లో ఐబీఎం ఈ లాప్‌టాప్‌ల వ్యాపారాన్ని చైనా కంపెనీ లెనోవోకి అమ్మేసింది. మా భక్తులకు అంతకంటే పెద్ద దెబ్బ 2012లో తగిలింది. ఏడు వరసల పాత కీబోర్డు తీసేసి ఆరు వరసలది పెట్టారు. వైష్ణవులు వడగలై, తెంగలై అని చీలి నామం కూడా వేరుగా దిద్దుకున్నట్టు మేమూ చీలిపోయాం. నాది ఏడు వరసల తెగ, అందుకే వెతికి వెతికి 2011లో వచ్చిన ఎక్స్220 కొన్నాను.

ఇక పిచ్చి వల్ల ఒరిగిందేంటంటే, ఒక రాత్రి హాస్టల్లో రూమ్మేట్ గ్లాసుడు టీ తిన్నగా కీబోర్డు మీద పోశాడు. ఠక్కున ఆపేసి పైకెత్తి చూస్తే, అడుగున ఉన్న చిల్లుల్లోంచి టీ ధారగా మంచం మీదకు కారుతోంది. ఒలికితే నీళ్లు బయటికి పోవడానికే ఆ దారులు పెట్టారని చదివాను గానీ, కళ్లారా చూడటం అదే మొదటిసారి. మర్నాడు ఆన్ అయింది. టీలో చక్కెర వల్ల ఓ పది కీలు మాత్రం అతుక్కుపోయాయి. ఏ మర ఎక్కడ విప్పాలో బొమ్మలతో సహా చెప్పే సర్వీసు మాన్యువల్ కంపెనీ వాళ్లే అందరికీ అందుబాటులో పెట్టారు. కీబోర్డుకు సంబంధించిన మరల పక్కన లాప్‌టాప్ అడుగునే చిన్న కీబోర్డు గుర్తు ఉంటుంది. 900 పెట్టి వేరేది తెచ్చి నేనే మార్చాను. మొదటి మర విప్పుతుంటే చెయ్యి వణికింది. ఆ తర్వాత ఫ్లోరంతా నా దగ్గరికే రావడం మొదలెట్టారు.

నష్టమూ చెప్పాలి. కొన్న నాలుగు నెలలకు, వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాం) నడపాలని బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్తే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగింది. పాత కంపెనీ వాళ్లు పెట్టింది, తీయకుండానే అమ్మేశారు. లోపలి చిన్న బ్యాటరీ పీకితే పోయే రకం కాదది, విడిగా ఒక చిప్‌లో ఉంటుంది. షాపాయన "విండోస్ వస్తోంది కదా తమ్ముడూ, ఇంకేం కావాలి" అన్నాడు. చివరికి చిప్ లెవెల్ రిపేరు చేసే ఒక పెద్దాయన 1,200 తీసుకుని తీసేశాడు. మోజులో కళ్లు మూసుకుని కొంటే ఇంతే.

ఇంకా తప్పు పని, మా అక్క చేత కూడా ఇదే కొనిపించడం. బ్యాంకు కోచింగ్ వీడియోలు చూసుకోవడానికి ఆమెకు మంచి స్క్రీన్ కావాలి, అంతే. ఆ పాత స్క్రీన్లు చాలావరకు కాస్త పక్కనుంచి చూస్తే వెలిసిపోయినట్టుంటాయి. నేను కీబోర్డు గొప్పతనం చెప్తుంటే, "నీ బొట్టు నువ్వే పెట్టుకో" అని రెండు నెలలకే తిరిగిచ్చేసింది.

కాబట్టి మీ వాడికి కొనివ్వండి, కానీ నా ఎక్స్220 అంత పాతది వద్దు. 2018లో వచ్చిన టీ480 చూడమనండి. బయటి బ్యాటరీ చేత్తో ఊడదీయొచ్చు, ర్యామ్ (మెమరీ) పెట్టడానికి రెండు స్లాట్లుంటాయి, ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదైతే విండోస్ 11కి కూడా పనికొస్తుంది. షాపులోనే ఆన్ చేయించి, వెంటనే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లమనండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్‌ను అక్కడే వదిలేసి వచ్చేయండి. మిగతా చెకింగ్ అంతా వాడికి మీకంటే బాగా తెలిసే ఉంటుంది. బేరం మాత్రం మీరే ఆడండి. ఆ ఎర్ర బుడిపె కనబడితే మా బోటివాళ్లకు నోరు పెగలదు.