బ్యాంకాక్‌లో బస ఎక్కడ, శాకాహారం ఎలా?

అమ్మానాన్నలతో మొదటిసారి బ్యాంకాక్ వెళ్తున్నామని, నాలుగు రోజులకు ఎక్కడ దిగాలో, శాకాహారం దొరుకుతుందో లేదోనని అడిగారు కదండీ.

హోటల్ ఎంత బాగున్నా బీటీఎస్ (నగరంలో వంతెనల మీద నడిచే రైలు) స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో లేకపోతే వదిలేయండి. అక్కడి ట్రాఫిక్‌లో పెద్దవాళ్లను గంటలకొద్దీ టాక్సీలో కూర్చోబెట్టడం అనవసరం. నన్నడిగితే సఫాన్ టాక్సిన్ స్టేషన్ పరిసరాలు మేలు. స్టేషన్ కిందనే చావో ఫ్రాయా నది మీది సాథోన్ రేవు ఉంది. నారింజ జెండా ఉన్న పడవ ఎక్కి థా చాంగ్ రేవులో దిగితే గ్రాండ్ ప్యాలెస్ (పాత రాజభవనం) పక్కనే. ఉదయం 8:30కు తెరుస్తారు, విదేశీయులకు టికెట్ 500 బాత్. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. అమ్మగారి చీరకు ఇబ్బంది లేదు, మీ నిక్కరుకే ఉంది! దారిలో ఎవరైనా వచ్చి “ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తాను” అంటే నమ్మకండి. అది పాత మోసం. చివరికి నగల దుకాణంలో తేలుతారు. ప్యాలెస్ తర్వాత వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూసి, థా టియెన్ రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడికి పడవలో దాటవచ్చు. ఆ రోజుకు అంతే చాలు.

తిండి విషయంలో జాగ్రత్త కావాలి. కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ వేస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో “జే” అని థాయ్‌లో రాసి ఉన్న దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు; ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నాన్నగారికి రొట్టె, పప్పు కావాలంటే పంజాబీలు ఎక్కువగా ఉండే పహురత్ ప్రాంతానికి వెళ్లండి. మెట్రోలో సామ్ యోట్ స్టేషన్‌లో దిగాలి.