పాత ఇంటి టేకు వంటింటి అరలకు పనికొస్తుందా?

ప్రశ్న: తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు రెండు టేకు దూలాలు, ఆకుపచ్చ రంగు వేసిన తలుపు రెక్కలు దాచుకున్నాం. వాటితో వంటింట్లో అరలు చేయించాలని ఉంది. వడ్రంగి మాత్రం పాత చెక్కకు చెద పడుతుంది, ప్లైవుడ్డే మేలు అంటున్నాడు. (తణుకు పాఠకురాలు)

జవాబు: దూలాలను వదులుకోకండమ్మా. అంత చేవదేరి ఆరిన టేకు ఇప్పుడు కొందామన్నా సులువుగా దొరకదు. చెద ముందుగా పట్టేది అంచున తెల్లగా ఉండే లేత చెక్కకే. దాన్ని పూర్తిగా చెక్కించేయండి. గోడలో కూరుకున్న చివరలు తేమకు మెత్తబడి ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూసి, దిగబడినంత మేర కోయించండి. తర్వాత దూలాన్ని కాగితం మీద పెట్టి సుత్తితో తట్టండి. సన్న రంధ్రాల్లోంచి కొత్త పిండి రాలితే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. ఆ ముక్క ఇంట్లోకి వద్దు.

కోత మిల్లువాళ్లు పాత చెక్క వద్దనేది మేకులకు భయపడే. మేకు విరిగి లోపలే ఉండిపోయిన చోట చుట్టూ నల్లటి మచ్చ కనిపిస్తుంది. అయస్కాంతంతో నాలుగు వైపులా వెతికి, ఉలితో తవ్వి తీయించాకే రంపం కిందికి పంపండి.

ఒకటింబావు అంగుళం మందాన కోయించి, మధ్యలో బద్దలు పెట్టి నీడలో మూడు వారాలు పేర్చి ఉంచండి. కోసిన రోజే చిత్రిక పడితే పలక తర్వాత వంకర తిరుగుతుంది. చివరికి అంగుళం మందం, పదంగుళాల వెడల్పు చాలు. బ్రాకెట్ల మధ్య దూరం రెండడుగులు దాటనివ్వకండి. బ్రాకెట్ స్క్రూ కోసం గోడలో దించే ప్లగ్గు సిమెంటు పూతలోనే ఆగిపోతే పప్పుల డబ్బాల బరువుకు ఊడొస్తుంది. ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగాలి. పొయ్యికి నేరుగా పైన మాత్రం అర పెట్టకండి.

ఇక ఆ తలుపు రెక్కలు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లకు 90కి పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి రంగును మెషిన్‌తో పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలకు విషం. వాటిని వంటింటికి వాడకండి.

ప్రశ్న: పాత రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లు చవగ్గా దొరికాయి. అరలకు వాడొచ్చా?

జవాబు: వద్దు. వాటికి క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా వాడే విషపూరిత తారు నూనె) పట్టించి ఉంటారు. ఎంత చెక్కినా తిండి వస్తువుల దగ్గర ఉంచదగ్గవి కావు.

ప్రశ్న: పాలిష్ బదులు నువ్వుల నూనె పూస్తే సరిపోతుందా?

జవాబు: అది పూర్తిగా ఆరదు. జిగటగా మిగిలి దుమ్ము పట్టి, కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది. ఆరి గట్టిపడేది అవిసె నూనె. రంగుల దుకాణంలో ‘డబుల్ బాయిల్డ్’ అని అడగండి. 180 నంబరు ఉప్పు కాగితంతో రుద్దాక పల్చగా పూసి, పావుగంటలో మిగులంతా తుడిచేయండి. రోజు విడిచి రోజు మూడు పూతలు వేస్తే చాలు. సింకు పక్క అరకైతే పీయూ (పాలీయురిథేన్) పాలిష్ నయం. టేకులో సహజంగా జిడ్డుంటుంది కాబట్టి ముందు థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే పొర లేచిపోతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరాకే పారేయండి.